జాకడ్ మీద తెచ్చిన రవ్వలు

కుంకుడుకాయల నురగ వాసన ముక్కుకు తగిలితే చాలు, నా చెయ్యి దానంతటదే కుడిచెవి మీదికి పోతుంది, రాయి ఉందా లేదా అని. ఈ వయసులో కూడా! నిన్న పొద్దున ఇత్తడి పళ్లెంలో కుంకుడు రసం పోసుకుని, నా చెవి దుద్దులు రెండూ అందులో వేసి మెత్తని కుంచెతో రుద్దుతూ కూచున్నాను. జిడ్డు వదిలాక రెండు రవ్వలూ మెరిశాయి, కానీ ఒక్కలా మెరవలేదు. ఎడమచెవిది పాత పద్ధతిలో సాన పట్టిన రాయి, కుడిచెవిది కొత్త పద్ధతిలో సాన పట్టింది. చూసినవాళ్లు ఊరుకుంటారా? ఆ మధ్య సీల బిగించమని ఇస్తే, బజారులో నగల కొట్టు కుర్రాడు దుద్దులు అటూ ఇటూ తిప్పి, "ఏంది దాదీ, జోడీ కలవలే. ఈ పాతదాన్ని మళ్ల కట్ చేయిస్తె కొత్తదాని లెక్క ధగధగమంటది, చేయిద్దామా?" అన్నాడు. వద్దు నాయనా అన్నాను. ఎందుకు వద్దో వాడు అడగలేదు. మీరైనా అడుగుతారని ఇది రాస్తున్నాను. మీరు అడక్కపోయినా చెబుతాననుకోండి, నా సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసిందే.

ఈ దుద్దులు మా అత్తగారు సూరమ్మవి. బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజుల్లో జగదల్‌పూర్ బజారులో మాకు బట్టలూ ఉప్పూ అమ్మే దుకాణం ఉండేది. ముందర దుకాణం, వెనక ఇల్లు. మా అత్తగారు సంతకొచ్చే ఆడవాళ్లతో హల్బీ మాట్లాడేది, కట్టెలు తెచ్చేవాళ్లతో గోండీ, సంస్థానం గుమాస్తాలతో హిందీ. భయపడేది మాత్రం తెలుగులోనే. నన్ను తీర్చిదిద్దిన మనిషి గురించి రాస్తున్నానంటే ఆమె మహా ధైర్యవంతురాలనుకునేరు. ఆమె అంత పిరికిది ఆ ఊళ్లో ఇంకొకరు లేరు. ఎవరైనా ఊరికెళితే తిరిగొచ్చేదాకా ఆమెకు ముద్ద దిగదు. గొళ్లెం పెట్టి నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూస్తుంది. బయట లారీ హారను మోగితే చేతిలో గరిటెతోనే వీధిలోకి వస్తుంది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

నాది భోపాలపట్నం. వైశాఖంలో పెళ్లయింది. ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒక గడపలో ఉండకూడదని పుట్టింటికి పంపారు. శ్రావణం రాగానే మా అన్న నన్ను కాపురానికి తీసుకొచ్చి దింపాడు. నేను కుడికాలు గడప లోపల పెడుతున్నాను, మా మామగారు గొడుగు పట్టుకుని బయటికి నడుస్తున్నారు. మా సరుకంతా కూనవరం నుంచి శబరి నది మీద పడవల్లో కోంట దాకా వచ్చి, అక్కడి నుంచి లారీలో జగదల్‌పూర్ చేరేది. కూనవరంలో బట్టల మూటలు వానకు తడుస్తున్నాయని కబురొస్తే ఆయన బయల్దేరారు.

"కోడలొచ్చింది, ఒక్క పూట ఆగరాదా?" అని అత్తమ్మ గొడుగు పట్టుకుని గుంజింది.

"తడిసిన బట్ట ఎవరు కొంటరే?" అని ఆయన గొడుగు విడిపించుకుని, నా వైపు తిరిగి, "బిడ్డా, మీ అత్తను జర చూసుకో. ఊకె భయపడ్తది" అని నవ్వి వెళ్లిపోయారు. ఆయన నాతో నేరుగా మాట్లాడిన మాట అదొక్కటే నాకు గుర్తుంది.

ఆయన ఎక్కిన లారీ మలుపు తిరిగేదాకా చూసి అత్తమ్మ లోపలికి వచ్చింది. పైట చెంగుతో కళ్లు తుడుచుకోబోతూ కుడిచెవి తడుముకుంది. దుద్దు ఉంది గానీ అందులో రాయి లేదు, గూడు ఖాళీ. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. నా చేతిలో పెట్టె ఇంకా కిందపెట్టనైనా లేదు, నా మణికట్టు పట్టుకుని, "పిల్లా, ఎవరికి చెప్పకు" అంది. ఇద్దరం వసారా ఊడ్చాం, ఊడ్చిన దుమ్మంతా జల్లెడ పట్టాం. పొద్దున కుంకుళ్లతో తలంటుకున్న ఆమె కొప్పు విప్పి దువ్వాను. చీర కుచ్చిళ్లు దులిపాం, స్నానాల గది తూములో చెయ్యి పెట్టి దేవాం. దొరకలేదు. చివరికి ఆమె ఖాళీ దుద్దు తీసేసి, రంధ్రం పూడకుండా వేపపుల్ల గుచ్చుకుని, చెవుల మీదుగా కొంగు కప్పుకుంది. ఒకచెవికి రవ్వ, ఒకచెవికి వేపపుల్ల.

"ఆయన గడప దాటంగనె ఇది పోయింది. చూసినవా?" అంది. ఆయన గడప దాటినప్పుడే గడప తొక్కింది ఎవరు? ఆ సంగతి ఆమె అనలేదు, నేనే అనుకున్నాను. అనుకున్నప్పటి నుంచి గడప దాటినప్పుడల్లా నా పాదాల కేసి చూసుకునేదాన్ని.

ముందున్నది శ్రావణ శుక్రవారం పేరంటం. మా కోమటి ఇళ్లలో పేరంటానికొచ్చిన ఆడవాళ్లు పసుపు రాయించుకునేలోపే ఎదుటావిడ చెవులూ ముక్కూ చూసేస్తారు. కొంగు ఎంతసేపు కప్పుకుంటుంది? అందుకని అత్తమ్మ నన్ను వెంటపెట్టుకుని, దొడ్డిదారిన గుజరాతీ సేఠ్ ఇంటికి పోయింది. రాళ్ల బేరానికి ఆడవాళ్లొస్తే ఆయన కొట్లో కాక లోపలి గదిలో, తన భార్య పక్కన కూచుని చూపించేవాడు. తెల్ల కాగితం పొట్లాలు రెండు విప్పాడు.

మొదటిది పాత పద్ధతిలో సాన పట్టిన రాయి. పూర్తిగా గుండ్రం కాదు, మూలలు అరిగిన చదరంలా ఉంది. ఎత్తైన నెత్తి, పైన చిన్న పలక. అందులోంచి చూస్తే అడుగున చిన్న గుండ్రటి కన్ను కనిపిస్తుంది, బావిలోకి తొంగిచూసినట్టు. రాయి కింది మొనను పాతకాలంవాళ్లు సూదిగా దించకుండా కొంచెం చదును చేసి వదిలేవారట, ఆ కన్ను అదే. రెండోది కొత్త పద్ధతిది. గీసిన గుండ్రం, వెడల్పాటి పలక, అడుగున సూదిమొన, కన్ను లేదు. గుమ్మం వెలుతురులో పెడితే కళ్లు చెదిరాయి.

"బెహన్, ఇది పురానా కట్. నీ చెవిలో ఉన్నదానికి సొంత చెల్లెలు. ఎవరికీ తెలీదు" అన్నాడు సేఠ్. "ఇది నయా కట్. బంబయి నుంచి వచ్చింది. దీని మెరుపు చూడు."

"పాతది ఎవరి చెవిలకెల్లి వచ్చింది సేఠ్‌జీ?" అని అత్తమ్మ అడిగింది.

"రాళ్లకు ఊరూ పేరూ ఉంటాయా బెహన్!" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వుతో అత్తమ్మ మరీ బెదిరిపోయింది. నా చెవిలో, "రవ్వలు ఊకె అమ్ముకోరు పిల్లా. ఇంట్ల ఏదో అయితేనె చెవినుంచి దిగుతయి" అంది. పాతది పెట్టుకుంటే జత కలిసిపోతుంది, రాయి పోయిన సంగతే ఎవరికీ తెలియదు. కానీ అది ఏ ముత్తయిదువ చెవిలోంచి, ఏ గతి పట్టి దిగిందో! కొత్తదైతే ఆ బెంగ లేదు, కానీ ఊరంతా చూస్తుంది. ఎప్పుడు పోయింది, ఎలా పోయింది అని అడుగుతుంది. ఎటూ తేల్చుకోలేక రెండింటినీ జాకడ్ మీద ఇమ్మంది. జాకడ్ అంటే ఇంటికి తీసుకెళ్లి చూసుకుని, అచ్చిరాకపోతే తిరిగి ఇచ్చేసే ఒప్పందం. రవ్వ విషయంలో అది అందరూ చేసేదే. రాయిని దేవుడి దగ్గర బియ్యంలో పెట్టి, కొన్నాళ్లు ఇంట్లో మంచి జరుగుతుందా చెడు జరుగుతుందా అని చూస్తారు. అయితే ఒకసారి ఒక్క రాయినే చూడాలి. పేరంటం దగ్గరపడిందని అత్తమ్మ కంగారులో రెండింటినీ ఒకే గిన్నె బియ్యంలో పెట్టేసింది.

ఇక చూడండి మా ఇంటి తమాషా. పాలు విరిగాయి. బావి చేద తాడు తెగింది. దుకాణంలో ఉప్పు బస్తా నీరుగారింది. ప్రతిదానికీ అత్తమ్మ దేవుడి మూలకు పరుగెత్తి ఆ గిన్నె కేసి చూసేది. తప్పిపోయిన దూడ సాయంత్రానికి ఇల్లు చేరితే సంతోషించింది, మరుక్షణమే ఇది ఏ రాయి పుణ్యమో తెలియక దిగాలుపడింది. నేను ఉండబట్టలేక, "అత్తమ్మా, పాలు ఇరిగినయి పాతదానితోనా, కొత్తదానితోనా?" అన్నాను. ఆమె ఫక్కున నవ్వింది. సగం నవ్వులో ఆగి, "కోంట నుంచి ఒక్క లారీ రాలేదే" అని ఏడ్చింది. నాకు మాత్రం నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. భయమేసింది. బీరకాయ చెక్కు తీస్తూ ఆ బియ్యం గిన్నె వైపు చూస్తే, అందులో నేను కూడా కూచున్నట్టే ఉంది. నేను వచ్చాక ఇంట్లో ఏం జరుగుతోందో అందరూ చూస్తున్నారు కదా. ఇంట్లో చెంబు కింద పడ్డా ఉలిక్కిపడేదాన్ని, పడేసింది ఎవరైనా సరే.

ఒక మధ్యాహ్నం కోంట వైపు నుంచి లారీ వచ్చింది. దాని క్లీనరు దుకాణం ముందు నిలబడి, "శబరిల పడవ బోర్లపడ్డది సాహుకార్. కూనవరం నుంచి ఇటొచ్చే పడవ. ఎవరెవరున్నరో తెల్వదు" అన్నాడు. మా ఆయన ఒంటి మీద చొక్కాతోనే ఆ లారీ ఎక్కి వెళ్లారు. ఇంట్లో మేమిద్దరం మిగిలాం. ఎదురింటి తాయారమ్మ, మామగారికి వరసకు చెల్లెలు, పరామర్శకని వచ్చి కూచుంది. నేను వంటింట్లో ఉన్నాను. తలుపు అవతల ఆమె గొంతు తగ్గించింది, కానీ వినపడేలాగే తగ్గించింది.

"నేనంటున్ననని కాదు వదినా. కోడలు కాలు పెట్టంగనె గిట్లాయె. ఆ పిల్ల అడుగు ఎసుంటిదో ఎవరినన్న అడగకపోయినవా?"

అత్తమ్మ ఏమంటుందోనని చేతిలో పని ఆపాను. కసురుతుందనుకున్నాను. ఆమె, "మజ్జిగ తాగుతవా తాయారూ?" అంది, అంతే. ఆ ఊరుకోవడం నా ప్రాణం తోడేసింది. ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేది? నేను మజ్జిగ తీసుకెళ్లి ఇచ్చాను. తాయారమ్మ నా పాదాల వంక చూస్తూ తాగింది.

మర్నాడు పొద్దున్నే అత్తమ్మ బియ్యంలోంచి రెండు పొట్లాలూ తీసి, "నడువు, సేఠ్ దగ్గరికి పోదాం" అంది. ముసురు పట్టింది. ఒకే గొడుగు కింద నడిచాం, ఒక్క మాట లేదు. రాళ్లు తిరిగిచ్చేస్తుంది, తర్వాత నన్ను భోపాలపట్నం పంపేస్తుంది అని నాకు గట్టిగా అనిపించింది. మా అమ్మకు ఏం చెప్పాలో దారిపొడుగునా మాటలు కూడగట్టుకున్నాను.

సేఠ్ ముందు పొట్లాలు విప్పి, ఆమె ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "నాకు చేతనైతలేదు. నువ్వు చెప్పు పిల్లా, ఏది?"

నా అరచేతుల్లో చెరొకటి పెట్టింది. "కొత్తది, అత్తమ్మా" అన్నాను. "దీన్ని ఎవరూ పెట్టుకోలే. దీనికి ఎవరి ఏడుపూ అంటలే." ఆ మాట రాయి గురించే అన్నానా అంటే, ఏమో మరి.

సేఠ్ నవ్వేశాడు. "అది కూడా పాత రాయే బేటీ! బంబయిలో మళ్లీ సాన పట్టారు. బరువు తగ్గింది, మెరుపు పెరిగింది. పాత రాళ్లు చాలా ఇలాగే కొత్తవి అవుతున్నాయి ఇప్పుడు."

నా దగ్గరున్న కారణం అదొక్కటే, అదీ పోయింది. అత్తమ్మ నా అరచేతిలోంచి ఆ రాయి తీసుకుని చాలాసేపు చూసింది. "అయితే సేఠ్‌జీ, ఇదిగూడ ఎవరో ఒకావిడ చెవిల ఉన్నదే."

"ఉండే ఉంటుంది బెహన్."

"ఆవిడ ఏడ్సిందో నవ్విందో నీకెరుకనా?"

"నాకేం తెలుసు!"

"దీనికి?" అని ఆమె రాయిని సేఠ్ మొహం ముందు పెట్టింది. ఆయన బిత్తరపోయాడు. అత్తమ్మ రాయిని దించింది. "పాలు ఇరిగితే దీన్నడుగుడు, తాడు తెగితే దీన్నడుగుడు! శబరి సంగతి దీనికేమెరుకనే, పిచ్చిదాన్ని కాకపోతె! నయా కట్టే ఇయ్యి సేఠ్‌జీ."

"జోడీ కలవదు బెహన్. అందరూ చూస్తారు. ఆలోచించుకో."

"చూడనీ. దాచిపెట్టవట్టె గింత పానం పోయింది నాకు. పోయినదాన్ని పోయిందనే చూస్తరు."

తిరిగి వచ్చేటప్పుడు గొడుగు కింద ఆమే మొదలుపెట్టింది. "నిన్న తాయారు అన్నది ఇన్నవా?"

"విన్న, అత్తమ్మా."

"నేను జవాబియ్యలే. ఎందుకంటె నాకుగూడ గట్లనే అనిపిచ్చింది." నేను ఆగిపోయాను. ఆమె గొడుగు నా మీదికి ఒంచి, తను తడుస్తూ నిలబడింది. "అబద్ధం చెప్పను పిల్లా, అనిపిచ్చింది. భయమైతున్నప్పుడు అది ఎవరి నెత్తినన్న వెయ్యాల్ననిపిస్తది. రాయి దొరికింది, నువ్వు దొరికినవ్. ఇగ వెయ్య. ఆయన వస్తె వస్తడు. రాకుంటె నది పొంగి రాడు, నీతోని కాదు. భయం నాది. నేనే మోస్త." నేను నడిబజారులో వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. "నడువు, తడుస్తున్నం" అంది.

కంసాలి ఆ రాయిని కుడిచెవి దుద్దులో పొదిగి ఇచ్చాడు. శుక్రవారం దీపాల వేళకు పేరంటాళ్లు వచ్చారు. అత్తమ్మ కొంగు కప్పుకోకుండా తలెత్తి కూచుంది. దీపం వెలుగులో ఎడమచెవి పాత రాయి నెమ్మదిగా, నిప్పు కణిక మీద ఊదినట్టు వెడల్పుగా వెలిగి ఆగేది. కుడిచెవి కొత్త రాయి చిన్న చిన్న మెరుపులుగా చెదిరేది. తాయారమ్మ, "ఏంది వదినా, ఒకటి గట్ల ఒకటి గిట్ల?" అంది. "ఒక రాయి ఊడిపోయింది. గూడు వదులైంది, నేను చూసుకోలే. ఇంకోటి పెట్టిచ్చిన" అని అత్తమ్మ అందరికీ వినబడేలా చెప్పి, ఆమె పాదాలకు పసుపు రాసింది. గొంతు కుదురుగా ఉంది, చేతులు కుదురుగా ఉన్నాయి. కుడిచెవి రవ్వ మాత్రం ఒక్క క్షణం ఆగలేదు, తళుకుమంటూనే ఉంది. లోపల ఆమె ఎంత వణుకుతోందో ఆ గదిలో నాకొక్కదానికే తెలిసింది.

మా ఆయన తర్వాత కొన్నాళ్లకు తిరిగొచ్చారు. ఒక్కరే వచ్చారు.

పదోరోజున అత్తమ్మ గాజులతో పాటు దుద్దులు కూడా తీసేసింది. ఆడవాళ్లంతా ఉండగానే నన్ను పిలిచి ఎదురుగా కూచోబెట్టుకుంది. "ఇవి ఏడుపు చూసినయి పిల్లా. వద్దంటె ఏమనుకోను, సేఠ్‌కు ఇచ్చేస్త" అంది. నేను మొహం పక్కకు తిప్పి చెవి చూపించాను.

తాయారమ్మ లేచి వచ్చింది. "పచ్చటి పిల్ల చెవులకు గవి పెడ్తవా వదినా? అసలే దాని అడుగు..."

"ఆగు తాయారూ" అంది అత్తమ్మ. గొంతు పెంచలేదు. "నా కోడల్ని నేను జాకడ్ మీద తెచ్చుకోలే."

అత్తమ్మ వేళ్లకు సీల తిరగలేదు. నా చెయ్యి ఆమె వేళ్ల మీద వేసి, ఇద్దరం కలిసి బిగించాం.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. ధైర్యం మాత్రం రాలేదు. నా పిల్లలు బడి నుంచి రావడం ఆలస్యమైతే గరిటెతో సహా వీధిలోనే ఉండేది. కానీ వాళ్లు వచ్చాక, "ఎందుకు ఆలస్యం చేసిండ్రు, నన్ను చంపుతుండ్రు" అని ఎన్నడూ అనలేదు. "నాకు భయమైంది, అంతె. అన్నం తినుండ్రి" అనేది. నాకూ ఆ పిరికితనమే పట్టుబడింది. దానితో పాటు ఆ మాట కూడా.

మొన్న మా మనవడి పెళ్లయింది. కొత్తకోడలు కాపురానికి వచ్చిన వారంలోనే వాడు బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. చూడ్డానికి వచ్చిన చుట్టాల్లో ఒకావిడ, పేరెందుకు లెండి, గొంతు తగ్గించింది, వినపడేలాగే తగ్గించింది. వంటింటి గుమ్మంలో ఆ పిల్ల మొహం చూశాను. ఆ మొహం నాకు తెలుసు. అందుకే నిన్న పొద్దున కుంకుడు రసం పోసుకుని కూచున్నాను, పనేమీ లేక కాదు. కాసేపు రుద్ది, ఆ పిల్లను పిలిచి పళ్లెం చేతికిచ్చాను. "పంపు కింద మంచినీళ్లతో కడిగి తీసుకురా."

"అమ్మో, నేనా! తూములో పడిపోతే నానమ్మా?"

"పడితే వెతుకుదాం. దొరక్కపోతే దొరకదు. నీ వల్ల పోయిందని ఈ ఇంట్లో ఎవరూ అనరు, అనబోయినా నేను అననివ్వను."

అది నా మొహంలోకి ఒకసారి చూసి, పళ్లెం పట్టుకుని వెళ్లింది. పంపు విప్పిన చప్పుడైంది. నేను లేచి చూడలేదు. గోడ వైపు తిరిగి కూచున్నాను. గుండె దడదడమని కొట్టుకుంటోంది. అది నా దడ. ఆ పిల్లది కాదు.